హైదరాబాద్ జీతంలో ఇంటి ఓనరు వాటా ఎంత?

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 32 ఏళ్లు. బీకాం చేసి ఇక్కడే ఒక డీలర్ దగ్గర అకౌంటెంటుగా చేస్తున్నాను. చేతికి 32,000 వస్తుంది. నాన్న రైల్వేలో రిటైరయ్యారు, పెన్షన్ ఉంది. కాజీపేట దగ్గర సొంత ఇల్లు, అందరం కలిసే ఉంటాం. నా భార్య ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. పెళ్లికి ముందు రెండేళ్లు ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో చేసింది. ఇప్పుడు ప్రైవేటు స్కూల్లో టీచరు, 14,000 ఇస్తారు. నాలుగేళ్ల పాపను అమ్మే చూసుకుంటుంది. ఈమధ్య మాదాపూర్‌లోని ఒక కంపెనీ నుంచి నాకు ఆఫర్ వచ్చింది, చేతికి 52,000. మా బావ "ఇంకా ఆలోచన దేనికి, వెంటనే వెళ్లిపో" అంటున్నాడు. నాన్నేమో "అక్కడ సంపాదించింది అక్కడికే సరి" అంటున్నారు. కొండాపూర్‌లో డబుల్ బెడ్రూం చూశాం. అద్దె 28,000, మెయింటెనెన్సు 3,000 అన్నారు. ఒకే పనికి హైదరాబాద్‌లో అంత ఎక్కువ ఎందుకిస్తారు? ఆ ఎక్కువంతా ఖర్చులకే పోతుందా? నన్ను వెళ్లమంటారా? పేరు వేయకండి.

సమాధానం:

మీ నాన్నగారి లెక్క ఈ నెలకి కరెక్టు. మీ బావగారి లెక్క ఐదేళ్ల తర్వాత కరెక్టు కావచ్చు, కాకపోనూ వచ్చు. అది తేలేది మీ జీతంతో కాదు. మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోయిన మీ శ్రీమతి గారి చదువుతో. అక్కడికి తర్వాత వస్తాను. ముందు మీరడిగిన మొదటి ప్రశ్న చూద్దాం, అందులోనే ఒక పొరపాటు దాగి ఉంది.

పెద్ద ఊళ్లో కంపెనీ ఎక్కువ జీతం ఇస్తోందంటే అది దానధర్మం కాదు కదా. మాదాపూర్‌లో ఆఫీసు అద్దె హనుమకొండ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అద్దె ఎక్కువ కట్టి, జీతాలూ ఎక్కువ ఇచ్చి కూడా ఆ కంపెనీ అక్కడే ఉంటోందంటే, అక్కడ కూర్చున్న మనిషి చేతిలో ఎక్కువ పని తెములుతోందని అర్థం. ఎందుకు తెములుతుందో ఆల్‌ఫ్రెడ్ మార్షల్ అనే ఇంగ్లిష్ ఆర్థికవేత్త 1890లోనే చెప్పాడు. ఒకే రకం పనివాళ్లు ఒకచోట గుమికూడితే మనుషులు దొరకడం తేలిక, కావలసిన సామాను దొరకడం తేలిక, పని కిటుకులు ఒకరి నుంచి ఒకరికి పాకడం తేలిక. ఆ తర్వాత నూట ముప్ఫై ఏళ్లలో దీనిమీద బోలెడు పరిశోధన జరిగింది గానీ, మూలం మాత్రం ఇదే.

దీన్ని చూడాలంటే హైదరాబాద్‌లో చిన్న పరిశ్రమలుండే బాలానగర్ వెళ్లండి. ఒక చిన్న షెడ్డులో లేత్ మిషన్ నడుస్తోంది అనుకోండి. దానికి బేరింగ్ పోయింది. ఓనరు కుర్రాణ్ని బండి మీద పక్క వీధికి పంపిస్తాడు. అక్కడ లేకపోతే ఆ పక్క వీధి. గంటన్నరలో మిషన్ మళ్లీ తిరుగుతుంది. అదే మిషన్ ఏ చిన్న టౌన్‌లోనో ఉంటే బేరింగ్ కొరియర్‌లో రావాలి, బిగించడానికి మెకానిక్ వేరే ఊరి నుంచి దిగాలి. అన్ని రోజులూ పనివాడు కూర్చునే ఉంటాడు. తప్పు అతనిదీ కాదు, ఓనరుదీ కాదు. అయినా నెల తిరిగేసరికి బాలానగర్ షెడ్డులో పది పీసులు తయారైన చోట ఆ టౌన్‌లో ఏడే తయారవుతాయి. జీతం ఆ పీసుల్లోంచే రావాలి.

కిటుకులు పాకడం సంగతికి కూడా బాలానగరే సాక్ష్యం. 1961లో కేంద్ర ప్రభుత్వం ఐడీపీఎల్ అని మందుల సంస్థ పెట్టింది, దాని ఫ్యాక్టరీ ఒకటి ఇక్కడే. అందులో పనిచేసిన అంజిరెడ్డి గారు తర్వాత 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టారు. ఐడీపీఎల్‌లో పని నేర్చుకుని బయటికొచ్చి సొంతంగా కంపెనీలు పెట్టినవాళ్లు, ఇతర కంపెనీల్లో పెద్ద ఉద్యోగాలకు ఎదిగినవాళ్లు చాలామంది. ఐడీపీఎల్ ఖాయిలా పడింది గానీ, దాని దగ్గర నేర్చుకున్న విద్య జీడిమెట్ల, బొల్లారం, బాచుపల్లి, నాచారం దాకా పాకింది. ఒక కెమిస్టు ఇక్కడ ఉద్యోగం మానేస్తే పక్క సందులోనే ఇంకో కంపెనీ ఉంటుంది. కంపెనీకీ అంతే, కెమిస్టు మానేస్తే వారంలో ఇంకొకరు దొరుకుతారు. ఈ మందుల కంపెనీల ముచ్చట మీకెందుకు చెబుతున్నానో మీ శ్రీమతి గారికి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

ఇక ఎంత తేడా అనే లెక్క. వేర్వేరు దేశాల్లో ఆర్థికవేత్తలు చేసిన అంచనాలు చాలావరకు ఒక దగ్గరే తిరుగుతాయి: ఊరి సైజు రెట్టింపైతే మనిషి ఉత్పాదకత 3 నుంచి 8 శాతం దాకా పెరుగుతుంది. 2011 జనాభా లెక్కల్లో హైదరాబాద్, దాన్ని ఆనుకున్న పట్టణ ప్రాంతాలన్నీ కలిపి సుమారు 77 లక్షలు. వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిపి సుమారు ఏడున్నర లక్షలు. అంటే పది రెట్లు. రెట్టింపు, మళ్లీ రెట్టింపు, మళ్లీ రెట్టింపు, ఆపైన కొంచెం. ఒక్కో రెట్టింపుకి 5 శాతం చొప్పున వేసుకున్నా మొత్తం కలిపి 17, 18 శాతానికి మించదు. మీ 32,000 మీద 18 శాతం అంటే 5,800 లోపే.

మీకు ఎక్కువ వస్తున్నది 20,000. మరి మిగతా పద్నాలుగు వేలు ఎక్కడివి?

అవి ఊరివి కావు, కంపెనీవి. డీలర్ దగ్గర పుస్తకాలు రాయడం, పెద్ద కంపెనీ ఫైనాన్స్ విభాగంలో కూర్చోవడం ఒకే పని కాదు. ఉత్తరంలో "ఒకే పనికి" అన్నారు చూడండి, పొరపాటు అన్నది దీన్నే. పెద్ద ఊళ్లో సగటు జీతం ఎక్కువగా కనిపించడానికి ఇంకో కారణం, ఎక్కువ చదువూ ఎక్కువ నైపుణ్యమూ ఉన్నవాళ్లు అక్కడికే చేరడం. ఫ్రాన్స్‌లో కార్మికుల రికార్డులు తీసి చూస్తే, ఊరికీ ఊరికీ మధ్య జీతాల తేడాలో దాదాపు సగం కేవలం ఎవరు ఎక్కడ ఉంటున్నారన్నదాని వల్లేనని తేలింది. మన దగ్గర తలసరి ఆదాయంలో హైదరాబాద్‌ను మించి రంగారెడ్డి జిల్లా ముందుంటుంది, ఎందుకంటే మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసులన్నీ ఆ జిల్లాలోనే ఉన్నాయి. అంతమాత్రాన శంషాబాద్ అవతల టీకొట్టు నడిపే మనిషి సంపాదన పెరిగినట్టు కాదు కదా. సగటు చూసి బట్టలు కుట్టించుకుంటే ఎవరికీ సరిపోవు.

ఇప్పుడు ఖర్చుల వైపు రండి. ఇక్కడ మీ బావగారు, నాన్నగారు ఇద్దరూ సగం సగం తప్పే. హైదరాబాద్‌లో అన్నీ ఖరీదు అనుకోవడం అలవాటైపోయింది గానీ, ఫోను, ఫ్రిజ్, కంపెనీ సబ్బు, గోధుమపిండి ప్యాకెట్ అక్కడా ఇక్కడా ఒకటే రేటు. కూరగాయలు ఎర్రగడ్డ రైతుబజార్లో కొంటే మీ దగ్గరి రేట్లకు పెద్ద తేడా ఉండదు. స్టీలు సామాను, పెళ్లి సరుకులు బేగంబజార్లో మీ ఊరికంటే చవకే, అందుకే మీ ఊరి వ్యాపారులు కూడా అక్కడికే వస్తారు. పెద్ద ఊళ్లో నిజంగా పిరమయ్యేవి రెండే: భూమి, మనిషి సమయం. వీటిని లారీలో ఎక్కించి వేరే ఊరి నుంచి దించుకోలేం. అద్దె, స్కూలు ఫీజు, పనిమనిషి జీతం, క్షవరం, ప్లంబరు కూలి, పిల్లను చూసుకునే డేకేర్, ఇవన్నీ ఆ రెండింటి రూపాలే. ప్లంబరు కూడా అదే ఊళ్లో అద్దె కట్టాలి, ఆ అద్దెను మీ దగ్గరే వసూలు చేస్తాడు.

ఈ సంగతి ప్రభుత్వానికీ తెలుసు. కేంద్ర ఉద్యోగుల ఇంటద్దె భత్యం చూడండి: 50 లక్షల జనాభా దాటిన ఊళ్లు ఎక్స్ తరగతి, 5 లక్షల నుంచి 50 లక్షల దాకా వై, ఆ కింద జెడ్. బేసిక్ మీద వరుసగా 30, 20, 10 శాతం. హైదరాబాద్ ఎక్స్, వరంగల్ వై. మీరు కేంద్ర ఉద్యోగి అయ్యుంటే, 32,000 బేసిక్ మీద ఊరు మారినందుకు అదనంగా వచ్చేది 3,200. కొండాపూర్ ఓనరు మాత్రం 31,000 అడుగుతున్నాడు. మీకు సొంతిల్లు ఉంది కాబట్టి మీ విషయంలో తేడా మొత్తానికి మొత్తం 31,000. జనం ఈ లెక్క దగ్గరే బోల్తా పడతారు. అద్దె ఇంటి నుంచి అద్దె ఇంటికి మారేవాడి లెక్క వేరు, సొంతిల్లు వదిలి అద్దెకి వెళ్లేవాడి లెక్క వేరు.

ఊరు పెద్దదయ్యేకొద్దీ ఖర్చు ఎందుకు పెరుగుతుందో నీళ్ల కథ చెబుతుంది. 1908లో మూసీ వరద తర్వాత కట్టిన గండిపేట చెరువు 1920 నాటికి పూర్తయింది, అప్పటి ఊరికి ఆ నీళ్లు సరిపోయాయి. తర్వాత మంజీర నుంచి తెచ్చారు. అదీ చాలక నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీళ్లు, ఆ తర్వాత ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు. ఈ రెండూ వంద కిలోమీటర్ల అవతల నుంచి మోటార్లతో ఎత్తి పోసుకొస్తున్నవే. కొత్తగా వెలిసిన కాలనీల్లో అవి కూడా చాలక ట్యాంకర్లు తిరుగుతాయి. అందుకే ఇల్లు చూసేటప్పుడు గోడల రంగు కంటే ముందు వాచ్‌మన్‌ని పక్కకు పిలిచి అడగండి: మంజీరా కనెక్షన్ ఉందా, బోరా, ట్యాంకరా? ఓనరు చెప్పే మెయింటెనెన్సు జనవరి రేటు. ఏప్రిల్, మేలో ట్యాంకర్లు దిగితే దాని లెక్క వేరు.

అయినా హైదరాబాద్ ఒక విషయంలో నయం. ఇదే స్థాయి ఊళ్లతో పోలిస్తే ఇక్కడ ఇళ్లు కట్టడం తేలిక. చుట్టూ సముద్రం లేదు, నేల నాలుగు దిక్కులా పరుచుకుని ఉంది, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. పైగా 2006లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం, స్థలాన్ని బట్టి ఇంత విస్తీర్ణమే కట్టాలన్న పరిమితిని ఎత్తేసింది. ముంబైలో ఇలాంటి వీలు లేదు, అక్కడి అద్దె వింటే మీ నాన్నగారు ఉత్తరం కూడా రాయనిచ్చేవారు కాదు. జనాభా ఒక్కటే అద్దెను నిర్ణయించదు. ఇళ్లు ఎంత త్వరగా లేస్తున్నాయన్నది కూడా చూడాలి.

సరే, మీ ఇంటి లెక్కకే వద్దాం. పెన్సిల్ తీసుకోండి.

ఇప్పుడు మీ ఇద్దరికీ కలిపి వస్తున్నది 46,000. అద్దె లేదు, పాపను చూసుకునే ఖర్చు లేదు. కొండాపూర్‌కి కాపురం మారిస్తే ఇల్లు 31,000, బైక్ పెట్రోలు 1,500, స్కూలు తేడా, బడి అయ్యాక డేకేర్ కలిపి 8,000. రెండో కాపురం అంటే గ్యాసు, కరెంటు, ఇంటర్నెట్, పాలు, నెలకోసారి ఊరికి రాకపోకలు, వీటికి 6,000. మొత్తం 46,500. అంటే ఇద్దరి సంపాదన 92,500 అయితేనే మీరు ఇవాళ ఉన్న చోట ఉన్నట్టు. మీది 52,000 పోను ఆవిడ 40,500 తేవాలి. ఉద్యోగంలో విరామం వచ్చిన మనిషికి మొదట్లోనే అంత ఇచ్చే ల్యాబ్ దొరకడం కష్టం.

ఆవిడ ఉద్యోగం మానేసి ఇంట్లో ఉంటే ఇంకా ఘోరం. కాస్త చవక ఇంట్లోకి వెళ్లి, డేకేర్ తీసేసినా, 52,000లో ఖర్చులు పోను మీ చేతిలో మిగిలేది 22,000 చిల్లర. ఇప్పుడున్న 46,000లో సగం కూడా కాదు. జీతం 20,000 పెరిగింది, ఇంట్లోకొచ్చే డబ్బు మాత్రం సగానికి పడిపోయింది. మీ బావగారికి ఈ రెండు వాక్యాలు చదివి వినిపించండి.

మీరు కొండాపూర్ ఎందుకు చూశారో తెలుసు, ఆఫీసు దగ్గరని. కానీ నాగోలు నుంచి రాయదుర్గం దాకా మెట్రో ఒకే లైను. ఉప్పల్‌లో ఎక్కితే అమీర్‌పేటలో దిగి మారే పని లేకుండా నేరుగా మాదాపూర్, దుర్గం చెరువు, హైటెక్ సిటీ స్టేషన్ల దాకా వెళ్లొచ్చు. ఉప్పల్, బోడుప్పల్ వైపు మెయిన్ రోడ్డుకి రెండు వీధులు లోపలికి వెళ్లి టులెట్ బోర్డులు చూడండి. 15,000 అద్దె, 1,500 మెయింటెనెన్సు అని లెక్క వేస్తున్నాను, మీరు తిరిగి బేరమాడి సరిచూసుకోండి. మీ మెట్రో, షేర్ ఆటో 4,000. డేకేర్, రెండో కాపురం ఖర్చులు అవే. మొత్తం 34,500. అప్పుడు ఇద్దరి సంపాదన 80,500 అయితే చాలు, ఆవిడ వాటా 28,500.

కొండాపూర్‌కీ ఉప్పల్‌కీ తేడా నెలకు 12,000. ఉప్పల్ నుంచి ఇంటి గడప దాటి ఆఫీసు కుర్చీలో కూర్చునేసరికి గంటన్నర. కొండాపూర్ నుంచి అరగంట. రోజుకి రెండు గంటలు, నెలకి 22 పనిదినాలు, 44 గంటలు. 12,000ని 44తో భాగిస్తే గంటకు 270 చిల్లర. మీ 52,000ని నెలలో పనిచేసే 176 గంటలతో భాగించండి, గంటకు 295. రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూశారా? కొండాపూర్ ఓనరు అమ్ముతున్నది గదులతో పాటు మీ రెండు గంటలు కూడా, మీ జీతం రేటుకే! అందుకే "ఆఫీసు దగ్గర ఉంటే కలిసొస్తుంది" అన్నది సాధారణంగా నిజం కాదు. ఆ కలిసొచ్చేది అద్దెలో ముందే కలిపేసి ఉంటుంది. ఆ రెండు గంటలు పాపతో గడపాలనుకుంటే కొండాపూర్ కొనండి, తప్పులేదు. డబ్బు మిగలాలంటే మాత్రం ఉప్పల్.

ఉప్పల్ అనడానికి నాకు ఇంకో రెండు కారణాలున్నాయి. ఒకటి, వరంగల్ బస్సు మీ గుమ్మం ముందే ఆగుతుంది. శనివారం పొద్దున అమ్మ దగ్గరికి వెళ్లాలంటే ఊరు మొత్తం దాటక్కర్లేదు. రెండోది అసలు కారణం. ఉప్పల్ పక్కనే నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడలు. నాచారం వైపు మందుల కంపెనీల ల్యాబులు ఉన్నాయి, తార్నాకలో ఐఐసీటీ అనే కేంద్ర ప్రభుత్వ రసాయన పరిశోధన సంస్థ ఉంది. కెమిస్ట్రీ ఎమ్మెస్సీ, మందుల కంపెనీ ల్యాబ్‌లో రెండేళ్ల అనుభవం, ఈ రెండింటికీ హనుమకొండలో గిరాకీ లేదు. అందుకే ఆవిడ 14,000కి ఎనిమిదో తరగతి నోట్సులు దిద్దుతున్నారు. ఊరి సైజు వల్ల మీ జీతం 18 శాతం పెరుగుతుందేమో, ఆవిడకి మాత్రం చదివిన చదువుకి తగ్గ ఉద్యోగమే దొరుకుతుంది. నాచారం దాకా సిటీ బస్సు, 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకి టికెట్ లేదు కూడా. అందుకే పై లెక్కలో ఆవిడ ప్రయాణానికి నేను ఏమీ వేయలేదు.

ఇలాంటి నిర్ణయాల్లో మగవాడి ఆఫర్ లెటర్ ఒక్కటే బల్ల మీద పెట్టి, ఆడవాళ్ల సంగతి "అక్కడికెళ్లాక ఏదో ఒక స్కూల్లో చేరొచ్చు" అని తేల్చేయడం మన ఇళ్లలో మామూలే. మీ ఇంట్లో అదే జరుగుతోందని ఉత్తరం చూస్తే అనిపించింది. డిగ్రీలు చేసిన దంపతులు ఇద్దరికీ తగిన ఉద్యోగాలు ఒకేచోట దొరకాలంటే పెద్ద ఊరే దిక్కు. హైదరాబాద్ మీ ఇంటికి ఇవ్వగలిగింది మీ 20,000 కంటే ఆవిడ ల్యాబ్ కోటే ఎక్కువ అని నా అభిప్రాయం.

ఇక మీ నాన్నగారి మాట. "అక్కడ సంపాదించింది అక్కడికే సరి" అన్నది డబ్బు విషయంలో చాలావరకు నిజం, ఎందుకంటే జీతాలు పెరిగే ఊళ్లో అద్దెలు కూడా వెంటనే అందుకుంటాయి. కానీ ఒకటి మాత్రం ఓనరుకి చిక్కదు. స్పెయిన్‌లో డి లా రోకా, పూగా అనే ఇద్దరు ఆర్థికవేత్తలు వేలాది కార్మికుల ఉద్యోగ చరిత్రలు చూసి 2017లో ఒక సంగతి చెప్పారు. పెద్ద ఊరికి వెళ్లిన మొదటి రోజునే వచ్చే లాభం కొంతే. అక్కడ పనిచేసిన ఒక్కో ఏడాదికీ అనుభవం విలువ చిన్న ఊళ్లో కంటే వేగంగా పెరుగుతుంది. ఆపై చిన్న ఊరికి తిరిగెళ్లినా ఆ విలువ చాలావరకు వెంటే ఉంటుంది. అంటే కాజీపేట రైలెక్కేటప్పుడు అద్దె అడ్వాన్సు తిరిగొచ్చినా రాకపోయినా, నేర్చుకున్న పని మీ వెంటే వస్తుంది.

అయితే నేర్చుకునే పని అయితేనే. మీకొచ్చిన ఉద్యోగం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇన్వాయిస్‌లు ఎక్కించడమేనా, లేక నెలాఖరు లెక్కలు మూయడం, జీఎస్టీ రిటర్నులు, ఆడిట్ వాళ్లకి జవాబులు చెప్పడం కూడా ఉందా? మొదటిదైతే మూడేళ్ల తర్వాత మీరు ఇప్పుడున్న అకౌంటెంటే, కాకపోతే ఏసీ గదిలో. ఆ రకం పనిని సాఫ్ట్‌వేరు మింగేస్తోంది కూడా. మీ డీలర్ దగ్గర అన్నీ మీరే చూసుకుంటారు కాబట్టి, పని విస్తృతిలో ఇప్పటి ఉద్యోగమే మెరుగు కావచ్చు. హెచ్ఆర్‌కి ఫోన్ చేసి అడగకండి, వాళ్లు అన్నీ ఉన్నాయనే చెబుతారు. మీ టీమ్ లీడర్ కాబోయే మనిషితో పది నిమిషాలు మాట్లాడించమనండి. రోజువారీ పని ఏమిటి, ఏ సాఫ్ట్‌వేరు, ఇంతకుముందు ఈ సీట్లో ఉన్నవాళ్లు ఇప్పుడెక్కడున్నారు అని అడగండి. మూడో ప్రశ్నకి తడబడితే ఆలోచించుకోవాల్సిందే.

వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకి రావాలో కూడా అడగండి. రెండు, మూడు రోజులే అయితే ఈ లెక్కలన్నీ తిరగరాయాలి, అప్పుడు కాపురం కదిలించే పనే ఉండకపోవచ్చు.

నా సలహా ఇది. పని నేర్చుకునేదే అని తేలితే ఆఫర్ ఒప్పుకోండి, కాపురం మాత్రం ఇప్పుడే మార్చకండి. మీరొక్కరే వెళ్లి మాదాపూర్‌లో గానీ అమీర్‌పేటలో గానీ హాస్టల్లో చేరండి, షేరింగ్ గదికి తిండితో కలిపి 9,000 వేసుకోండి. లోకల్ తిరుగుడు, వారాంతం రాకపోకలు 5,000. మీ 52,000, ఆవిడ 14,000 కలిపి 66,000లో ఈ 14,000 తీసేస్తే 52,000 మిగులుతుంది, ఇప్పటికంటే 6,000 ఎక్కువ. అమీర్‌పేటలో ఉంటే సాయంత్రాలు మైత్రీవనం చుట్టుపక్కల సాప్ (పెద్ద కంపెనీలు లెక్కలకు వాడే సాఫ్ట్‌వేరు) కోర్సు ఒకటి చేయొచ్చు. అక్కడ గోడల మీద బోర్డులు చదవడానికే ఒక పూట పడుతుంది, కాబట్టి ఫీజు కట్టేముందు డెమో క్లాసులు రెండు మూడు చోట్ల కూర్చుని చూడండి.

దీనికి గడువు ఒక్క ఏడాది. నాలుగేళ్ల పిల్ల తండ్రిని శని, ఆదివారాలే చూడటం 6,000కి తగిన బేరం కాదు. అందులోనూ మొదటి రెండు నెలలు మీ అమ్మగారి మీద, మీ శ్రీమతి గారి మీద పడే భారం నా లెక్కల్లో ఎక్కడా లేదు. ఏడాదిలోగా ఆవిడకి 28,500కి అటూ ఇటూగా ల్యాబ్ ఉద్యోగం దొరికితే అప్పుడు ఉప్పల్‌లో ఇల్లు తీసుకోండి. రెండు మూడు వేలు తక్కువైనా నేనైతే వెళ్లిపొమ్మంటాను, ఆ ఫీల్డులో తిరిగి అడుగు పెట్టడం ముఖ్యం. దొరక్కపోతే ఆ ఏడాది అనుభవం పట్టుకుని హనుమకొండ తిరిగొచ్చేయండి. అప్పుడు ఇదే డీలరు 32,000కి మిమ్మల్ని అడిగే ధైర్యం చేయడు. ఓడిపోయి వచ్చాడని ఎవరైనా అంటే అననివ్వండి.

ఆఫర్‌కి జవాబివ్వడానికి కంపెనీ వాళ్లు ఎన్నాళ్లు టైమిచ్చారో మీరు రాయలేదు. సాధారణంగా వారం, పది రోజులు అడిగితే ఇస్తారు. ఈలోగా ఆవిడ రెజ్యూమె తిరగరాయించి, ల్యాబ్‌లో చేసిన పని, వాడిన పరికరాల పేర్లు మొదటి పేజీలోనే పెట్టించి, నాచారం, మల్లాపూర్ వైపు కంపెనీలకు పంపించండి. పాత ల్యాబ్‌లో తనతో పనిచేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారో వాకబు చేయమనండి. ఆవిడ ఉద్యోగం ఖాయమయ్యేదాకా ఏ ఓనరుకీ అడ్వాన్సు ఇవ్వకండి.